కొండల మనిషి: హరాల్డ్ రైన్ల్ సినిమాల చిక్కుముడి విప్పితే

నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఒక సరస్సు. దాని చుట్టూ సున్నపురాయి గుట్టలు, వాటి మీంచి పాయలు పాయలుగా దూకే నీళ్లు. కథ ప్రకారం ఇది అమెరికాలో ఎర్ర ఇండియన్లు ఉండే ప్రాంతం. కెమెరా నిలబడింది మాత్రం అప్పటి యుగోస్లావియాలో, అంటే ఇప్పటి క్రొయేషియాలో ఉన్న ప్లిట్విట్సె సరస్సుల దగ్గర. అపాచీ నాయకుడు విన్నెటూ వేషం కట్టింది పియర్ బ్రీస్ అనే ఫ్రెంచ్ నటుడు. అతని తెల్ల స్నేహితుడు ఓల్డ్ షాటర్‌హ్యాండ్‌గా వేసిన లెక్స్ బార్కర్ అమెరికన్, అంతకుముందు టార్జాన్‌గా పేరు తెచ్చుకున్నవాడు. ఇద్దరికీ జర్మన్‌లో గొంతు అరువిచ్చింది వేరేవాళ్లు. మూలకథ రాసిన కార్ల్ మై జర్మన్ రచయిత. ఆ నవలలు రాసేనాటికి ఆయన అమెరికాలో అడుగే పెట్టలేదు. ఇన్ని దేశాల ముక్కల్ని ఒక సినిమాగా కుట్టిన దర్శకుడు ఆస్ట్రియాలో పుట్టి, న్యాయశాస్త్రంలో డాక్టరేట్ చేసిన స్కీయింగ్ ఆటగాడు. ఆయన పేరు హరాల్డ్ రైన్ల్.

1962 డిసెంబర్‌లో విడుదలైన ఆ 'వెండి సరస్సు నిధి' సినిమా జర్మన్ మాట్లాడే దేశాల్లో ఒక తరం బాల్యాన్నే మార్చేసింది. రైన్ల్ తీసిన సినిమాల జాబితా మొత్తం చూస్తే మాత్రం ఎవరికైనా తికమక తప్పదు. కొండపల్లెల ప్రేమకథలు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం సినిమాలున్నాయి. లండన్ పొగమంచులో హత్యలు, డాక్టర్ మబూజె లాంటి దుష్ట మేధావులు, కౌబాయ్‌లు, జర్మన్ పురాణవీరుడు జీగ్‌ఫ్రీడ్, బడిపిల్లల కామెడీలు, ఆఖరికి గ్రహాంతరవాసులు మన దేవుళ్లుగా వచ్చారని చెప్పే డాక్యుమెంటరీ కూడా ఉంది. ఇవన్నీ ఒక్క మనిషి పనేనా అనిపిస్తుంది.

సినిమా చరిత్రలు రాసేవాళ్లు చాలామంది దీనికి సులువైన జవాబు చెప్పి వదిలేస్తారు: ఆయన నిర్మాత ఏం చెబితే అది తీసే పనివాడు, అంతే. ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే ఆయన ఎక్కడినుంచి వచ్చాడో, ఆ రోజుల్లో అక్కడ సినిమాకు డబ్బు ఎలా పుట్టేదో చూడాలి.

మంచులో మొదలు

రైన్ల్ 1908 జూలై 8న ఎగువ ఆస్ట్రియాలోని బాడ్ ఇషల్‌లో పుట్టాడు. కొండలు, సరస్సులు, ఉప్పు గనుల మధ్య ఉండే చిన్న ఊరు అది. కానీ ఆస్ట్రియా చరిత్రలో దానికి పెద్ద పేరుంది. చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్ వేసవి విడిది అక్కడే. ఎలిజబెత్‌తో, అంటే అందరూ 'సిస్సీ' అని పిలుచుకునే ఆమెతో, ఆయన పెళ్లి కుదిరింది కూడా అక్కడే. 1914 జూలై 28న సెర్బియా మీద యుద్ధం ప్రకటిస్తూ ప్రజలకు విడుదల చేసిన ప్రకటన మీద ఆయన సంతకం పెట్టింది ఆ విడిది భవనంలోనే. ఆ రోజుకి రైన్ల్‌కి ఆరేళ్లు నిండి మూడు వారాలు కూడా కాలేదు. ఆయన పదేళ్ల పిల్లాడయ్యేసరికి ఆ సామ్రాజ్యమే లేదు. అంత పెద్ద దేశంలో మిగిలింది చిన్న ఆస్ట్రియా, దానితో పాటు కొండలు.

ఆ కొండలే ఆయన్ని సినిమాలోకి తెచ్చాయి. 1920లలో జర్మనీలో ఆర్నాల్డ్ ఫాంక్ అనే దర్శకుడు ఒక కొత్త రకం సినిమాకు ప్రాణం పోశాడు. దాన్ని 'బెర్గ్‌ఫిల్మ్' అన్నారు, అంటే పర్వత చిత్రం. ఫాంక్ భూగర్భశాస్త్రం చదువుకున్నవాడు. స్టూడియోలో అట్టతో కట్టిన కొండలు ఆయనకు పనికిరావు. నటులు, కెమెరామెన్ నిజంగా మంచు మీదికి ఎక్కాల్సిందే, స్కీల మీద జారుతూ చిత్రీకరించాల్సిందే. అందుకని ఆయనకు నటుల కంటే ఎక్కువగా మంచి స్కీయర్లు అవసరమయ్యేవారు. 1931లో ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్ కొండల్లో తీసిన స్కీయింగ్ సినిమా 'తెల్లని మైకం'లో ఒక పెద్ద గుంపు ఇద్దరి కోసం కొండంతా వెంటాడుతుంది. ఆ గుంపులో కుర్ర రైన్ల్ ఒకడు.

ఈ చిన్న విషయం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఆయన తర్వాత చేసిన ప్రతి పనికీ మూలం ఇక్కడే ఉంది. నాటకరంగం నుంచి వచ్చిన దర్శకుడు సన్నివేశాన్ని మనుషుల ముఖాలతో మొదలుపెడతాడు. ఫాంక్ దగ్గర పెరిగినవాడు నేలతో మొదలుపెడతాడు. ముందు కొండ, దాని మీద వెలుగు ఎటునుంచి పడుతుందో ఆ దిక్కు, ఆ తర్వాత అందులో చీమంత మనిషి. ఆ మనిషి నెమ్మదిగా దగ్గరికి వస్తాడు. ముప్పై ఏళ్ల తర్వాత విన్నెటూ గుర్రం మీద గుట్ట అంచున కనిపించే షాట్ కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఆ పర్వత చిత్రాల్లోనే కథానాయికగా వెలిగిన లేనీ రీఫెన్‌స్టాల్ తర్వాత హిట్లర్ పార్టీ కోసం ప్రచార చిత్రాలు తీసింది. యుద్ధం నడుస్తుండగా ఆమె 'టీఫ్‌లాండ్' అనే కథాచిత్రం మొదలుపెట్టినప్పుడు రైన్ల్ ఆమెకు సహాయ దర్శకుడు. స్క్రిప్ట్ పనిలోనూ చేయి వేశాడు. 1940లో మొదలైన ఆ చిత్రీకరణలో స్పెయిన్ పల్లె జనంగా కనిపించడానికి సింతీ, రోమా జాతుల వాళ్లను తెచ్చారు. వాళ్లను తెచ్చింది నిర్బంధ శిబిరాల నుంచి: మొదట సాల్జ్‌బర్గ్ దగ్గరి మాక్స్‌గ్లాన్ శిబిరం, తర్వాత బెర్లిన్‌లోని మార్‌త్సాన్ శిబిరం. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. షూటింగ్ అయిపోయాక వాళ్లలో చాలామందిని ఆష్విట్స్ మృత్యు శిబిరానికి పంపారు. ఆ సినిమా చివరికి 1954లో విడుదలైంది. రైన్ల్ కొండల అందం గురించి ఎంత చెప్పుకున్నా, ఆ అందాన్ని చూడటం ఆయన నేర్చుకున్న బడిలోనే ఈ చీకటి కూడా ఉంది. దీన్ని పక్కన పెట్టి ఆయన గురించి రాయడం నాకు న్యాయం అనిపించదు.

డబ్బు ఎక్కడినుంచి వచ్చేది

1945 తర్వాత ఆస్ట్రియా నాలుగు దేశాల సైన్యాల ఆధీనంలో ఉంది. వియన్నాలో పెద్ద స్టూడియో అయిన రోజెన్‌హ్యూగెల్ 1955 దాకా సోవియట్ చేతుల్లోనే ఉండిపోయింది. దేశ జనాభా 70 లక్షలు. ఆ కొద్దిమంది కొనే టికెట్లతో సినిమా ఖర్చు రాదు. కాబట్టి ఆస్ట్రియాలో సినిమా తీయాలంటే పశ్చిమ జర్మనీ మార్కెట్ కావాలి. భాష ఒకటే కావడంతో అది కుదిరింది కూడా. ఆస్ట్రియన్ దర్శకుడు అంటే చాలావరకు మ్యూనిక్, హాంబర్గ్, బెర్లిన్ డిస్ట్రిబ్యూటర్ల కోసం పనిచేసే దర్శకుడు అని అర్థం.

అక్కడ పద్ధతి ఏమిటంటే, డిస్ట్రిబ్యూటర్ ముందే ఒక గ్యారంటీ ఇస్తాడు: ఈ సినిమా నాకు ఇస్తే ఇంత చెల్లిస్తాను అని. ఆ కాగితం చూసి బ్యాంకు నిర్మాతకు అప్పు ఇస్తుంది. నైజాం, సీడెడ్, ఆంధ్రా డిస్ట్రిబ్యూటర్ల అడ్వాన్సులతో సినిమా మొదలవడం తెలిసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. డబ్బు ముందు పెట్టేవాడిదే మాట చెల్లుతుంది. హీరో ఎవరు, కథ ఏ రకం అని అడిగేది అతనే. కిందటేడు ఏది ఆడిందో దాన్నే మళ్లీ అడుగుతాడు. అందుకే ఆ రోజుల జర్మన్ సినిమా వరస వెంట వరసగా నడిచింది. ఒక వరస ఎండిపోగానే ఇంకొకటి. దర్శకుడు దానితోపాటు మారాలి, లేదంటే ఇంట్లో కూర్చోవాలి.

1950లలో నడిచిన వరస 'హైమాట్‌ఫిల్మ్', సొంతూరి సినిమా. బాంబుల్లో కూలిపోయిన పట్టణాల జనం, తూర్పు నుంచి తరిమేస్తే లక్షల సంఖ్యలో వచ్చిన కాందిశీకులు, ధ్వంసం కాని పచ్చని లోయను తెర మీద చూడాలనుకున్నారు. రైన్ల్‌కు ఇది చేతికందిన పని. 1949లో మొదటి పెద్ద సినిమా తీసినప్పటి నుంచి వేటగాళ్లు, సన్యాసులు, చెక్క బొమ్మలు చెక్కేవాళ్లు, జాలరి పిల్లల కథలు ఏడాదికి ఒకటో రెండో తీస్తూ పోయాడు. ఇవి చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, వీటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1954లో ఆయన పెళ్లి చేసుకున్న నటి కారిన్ డోర్ ఆ తర్వాత ఆయన సినిమాల్లో ముఖ్యమైన ముఖం అయింది. జేమ్స్ బాండ్ సినిమాలోనూ, హిచ్‌కాక్ సినిమాలోనూ నటించిన కారిన్ డోర్ ఈమే. 1968లో వాళ్లు విడిపోయారు.

1958లో వరస యుద్ధం వైపు తిరిగింది. ఇటలీలో జరిగిన మోంటె కాసీనో పోరు మీద ఒకటి, జలాంతర్గామి కెప్టెన్ గుంటర్ ప్రీన్ మీద ఒకటి తీశాడు. 1939 అక్టోబర్‌లో బ్రిటిష్ నౌక రాయల్ ఓక్‌ను ముంచి ఎనిమిది వందల మందికి పైగా ప్రాణాలు తీసిన ప్రీన్‌ను నాజీ ప్రభుత్వం హీరోగా ఊరేగించింది. రైన్ల్ సినిమా అతనికి ఒక మతబోధకుడైన మిత్రుణ్ని కల్పించి, మనస్సాక్షి ఉన్న సైనికుడిగా చూపిస్తుంది. ఆ కాలపు సినిమాలు చేసిన తప్పే ఇది కూడా చేసింది. మంచి సైనికుడు ఒకడు, చెడ్డ ప్రభుత్వం ఇంకెక్కడో.

ఈ మాట అనేటప్పుడు ఒక పోలిక గుర్తుకొస్తుంది. 1961 నవంబర్ 15న ఆస్ట్రియా టెలివిజన్ ఒక గంటపాటు ఒకే ఒక్క మనిషిని చూపించింది. కిరాణా దుకాణం నేలమాళిగలో సరుకులు సర్దుతూ, చేతికందింది తింటూ తాగుతూ, తన జీవితం చెప్పుకుపోయే 'హెర్ కార్ల్'. ఏ ప్రభుత్వం వస్తే దాని వెంట నడిచాడు. 1938లో హిట్లర్‌కు జేజేలు కొట్టిన జనంలో ఉన్నాడు. ఆ తర్వాత అమెరికన్లకూ అంతే సరదాగా సరిపోయాడు. రాసింది హెల్ముట్ క్వాల్టింగర్, కార్ల్ మెర్ట్స్. నటించింది క్వాల్టింగర్, దర్శకత్వం ఎరిష్ నోయిబెర్గ్. ప్రసారం కాగానే దేశమంతా గగ్గోలు పుట్టింది, ఎందుకంటే ఆ మనిషి ప్రతి ఇంట్లోనూ ఉన్నాడు. పెద్ద తెర చెప్పలేనిది, డిస్ట్రిబ్యూటర్ గ్యారంటీ అక్కరలేని చిన్న తెర చెప్పింది. రైన్ల్ సినిమాల్లో ఏది లేదో తెలియాలంటే ఆ ఒక్క గంట చూస్తే చాలు.

కప్ప ముసుగు

యుద్ధం తర్వాత జర్మనీలో నేరపరిశోధన సినిమాలు ఆడవని డిస్ట్రిబ్యూటర్లకు గట్టి నమ్మకం. దాన్ని మార్చింది డేనిష్ నిర్మాత ప్రెబెన్ ఫిలిప్సెన్ కంపెనీ రియాల్టో. ఎడ్గర్ వాలెస్ అనే ఇంగ్లిష్ రచయిత నవల ఒకటి తీసుకుని, రైన్ల్‌ను దర్శకుడిగా పెట్టి, 1959లో కోపెన్‌హాగెన్‌లో 'ముసుగు కప్ప' తీశారు. విలన్ తల నిండా ముసుగు, దానికి బుడగల్లా పొడుచుకొచ్చిన గుండ్రటి కళ్లు. నలుపు తెలుపులో ఆ కళ్లు చీకట్లోంచి కిటికీ అవతల కనిపిస్తే భయమేస్తుంది. అదే సమయంలో అది రబ్బరు ముసుగని చూస్తున్నవాడికి తెలుస్తూనే ఉంటుంది. ఆ రెండూ కలిసిన తమాషాయే జనాన్ని పట్టుకుంది. ఆ ఒక్క విజయంతో రియాల్టో 1972 దాకా వాలెస్ పేరుతో 30కి పైగా సినిమాలు తీసింది. రైన్ల్ వాటిలో 5 తీశాడు. ఇంకా రెండు మబూజె సినిమాలు, వేరే నిర్మాతల హత్యా రహస్యాలు కూడా.

ఇదే సమయంలో ఇంట్లో టీవీ పెరుగుతోంది. 1962 జనవరిలో పశ్చిమ జర్మనీ టీవీలో 'రుమాలు' అనే హత్యా రహస్యం సీరియల్‌గా వస్తుంటే సాయంత్రాలు వీధులు ఖాళీ అయ్యాయి. హంతకుడెవరో చివరి భాగానికి ముందే ఒక హాస్యనటుడు పత్రికలో ప్రకటన ఇచ్చి బయటపెడితే దేశమంతా అతని మీద విరుచుకుపడింది. 1956లో పశ్చిమ జర్మనీ సినిమా హాళ్లు 81 కోట్లకు పైగా టికెట్లు అమ్మాయి. అక్కడినుంచి ఏటేటా పడిపోతూ 1960ల చివరికి 20 కోట్ల కిందికి వచ్చాయి. నలుపు తెలుపు హత్యాకథ ఇంట్లోనే ఊరికే దొరుకుతుంటే, హాలుకు రావడానికి కారణం ఏముంది? ఇంట్లో పెట్టెలో పట్టనిది ఏదైనా చూపించాలి. రంగులు, వెడల్పు తెర, గుర్రాలు, కొండలు.

రియాల్టోలో నిర్మాత హోర్స్ట్ వెండ్‌లాండ్‌కు ఆ ఆలోచన వచ్చిన ఏడాదే, 1962 ఫిబ్రవరి 28న, ఓబర్‌హౌసెన్ పట్టణంలో 26 మంది యువ దర్శకులు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. పాత సినిమా చచ్చిపోయింది, మాకు కొత్త సినిమా మీద నమ్మకం ఉంది అన్నది దాని సారం. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. రైన్ల్ లాంటి దర్శకులు ఏది దాటవేశారో దాని గురించే వాళ్లు మాట్లాడాలనుకున్నారు. ఆ కోపంలోంచే తర్వాత జర్మన్ కొత్త సినిమా పుట్టింది. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో, చచ్చిపోయిందన్న ఆ పాత సినిమానే గుర్రమెక్కి తిరిగొచ్చింది.

వెలెబిట్ కొండల్లో అమెరికా

'వెండి సరస్సు నిధి'కి సుమారు 35 లక్షల మార్కులు ఖర్చయింది. అప్పటి పశ్చిమ జర్మనీకి అది చాలా పెద్ద మొత్తం. డిస్ట్రిబ్యూటర్ కాన్‌స్టాంటిన్. అంత డబ్బు పెట్టినా అమెరికా వెళ్లి తీయడం కుదరదు. జాగ్రెబ్‌లోని యాద్రాన్ ఫిల్మ్ స్టూడియో దానికి దారి చూపించింది. యుగోస్లావియా సోషలిస్టు దేశమే, అయినా విదేశీ నిర్మాతలకు తలుపులు తెరిచి పెట్టింది. అక్కడ గుర్రాలు, రౌతులు, వడ్రంగులు, ఎక్స్‌ట్రాలు తక్కువ ఖర్చుకు దొరుకుతారు. అన్నిటికంటే మించి ఆ నేల ఉంది. అడ్రియాటిక్ తీరం వెంట నడిచే వెలెబిట్ కొండలు తెల్లటి సున్నపురాయి, మీద పొదలు తప్ప పెద్దగా పచ్చదనం లేదు. వాటిని కోసుకుంటూ వెళ్లే జ్ర్మాన్యా నది లోయ తెర మీద అమెరికాలోని పేకోస్ నది అయింది. తూలొవె గ్రెడె అనే రాతి శిఖరాలు అపాచీల పవిత్ర బంగారు కొండ అయ్యాయి.

రైన్ల్, ఆయన కెమెరామన్ ఎర్న్‌స్ట్ కాలింకె కలిసి ఇక్కడ చేసిన పని చూడాలంటే ఒక్క రాక సన్నివేశం చాలు. హాలీవుడ్ వెస్టర్న్‌లో మైదానం అడ్డంగా పరుచుకుని ఉంటుంది, మనిషి దిగంతం నుంచి వస్తాడు. రైన్ల్ తెరలో నేల నిలువుగా ఉంటుంది. గుర్రాలు పైనుంచి కిందికి, రాళ్ల మధ్య సన్నటి బాటలో మెలికలు తిరుగుతూ దిగుతాయి. కెమెరా లోయకు ఇవతల ఆగి, దిగడం పూర్తయ్యేదాకా కదలకుండా చూస్తుంది. దాని మీద మార్టిన్ బ్యొట్షర్ హార్మోనికా బాణీ నెమ్మదిగా లేస్తుంది. ఎవరూ ఏమీ మాట్లాడరు. ఇది అమెరికా వెస్టర్న్ కాదు. ఫాంక్ పర్వత చిత్రానికి ఈకల కిరీటం పెట్టినట్టుంటుంది. స్కీయర్ల బదులు రౌతులు, మంచు బదులు తెల్లరాయి.

కార్ల్ మై నవలల్లోని విన్నెటూ కూడా నిజమైన అపాచీ కాదు. 1842లో పుట్టి 1912లో చనిపోయిన ఆ రచయిత ఊహించుకున్న ఉదాత్త పురుషుడు. తెల్ల జర్మన్ యువకుడు ఆయనకు రక్తసోదరుడు. ఇది జర్మన్ల కల, అందులో అమెరికా ఆదివాసులకు మాట్లాడే చోటు లేదు. 2022లో ఒక కొత్త విన్నెటూ సినిమాకు అనుబంధంగా వచ్చిన పిల్లల పుస్తకాలను ప్రచురణకర్త వెనక్కి తీసుకున్నప్పుడు జర్మనీలో పెద్ద వాదనే నడిచింది. ఆ విమర్శలో బలముంది. అయితే 1962లో ఆ సినిమా చూసిన పిల్లలకు కనిపించింది ఇంకొకటి కూడా. ఇద్దరు వేరువేరు జాతుల మనుషులు ఒకరికోసం ఒకరు ప్రాణమిచ్చే స్నేహం. ఇరవై ఏళ్ల కిందటే జాతి పేరుతో లక్షల మందిని చంపిన దేశంలో ఆ స్నేహకథ అంతగా ఆడటం ఊరికే జరగలేదని నా నమ్మకం. జనం ఆ మాటను నేరుగా వినడానికి సిద్ధంగా లేరు. అమెరికా మారువేషంలో వస్తే విన్నారు.

సినిమా ఎంత ఆడిందంటే, 30 లక్షల టికెట్లు దాటిన సినిమాలకు హాళ్ల యజమానుల సంఘం 1964లో ఇవ్వడం మొదలుపెట్టిన 'బంగారు తెర' బహుమతి మొదట దీనికే దక్కింది. 1963, 64, 65లలో వరసగా మూడు విన్నెటూ భాగాలు రైన్లే తీశాడు. మొదటి భాగంలో విన్నెటూ చెల్లెలు న్షో-చిని చంపే సాంటర్ వేషం వేసిన మారియో అడార్ఫ్‌ను జనం దశాబ్దాల తర్వాత కూడా ఆ హత్యకు క్షమించలేదు. మూడో భాగంలో స్నేహితుడికి తగలాల్సిన గుండుకు విన్నెటూ అడ్డుపడి చనిపోయినప్పుడు హాళ్లలో ఏడుపులు. నవలలో చావు ఉంది కాబట్టి సినిమాలోనూ ఉంది, కానీ అభిమానులు ఊరుకోలేదు. నిర్మాతలు అంతకుముందు జరిగిన కథలంటూ విన్నెటూను మళ్లీ గుర్రమెక్కించారు.

ఈ వరసకు వచ్చిన పిల్లలు, మనవలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండో భాగంలో వేషం వేసిన ఇటలీ కుర్రాడు మారియో జిరొట్టి తర్వాత టెరెన్స్ హిల్‌గా ప్రపంచమంతా తెలిశాడు. అక్కడే స్టంట్లు, చిన్న వేషాలు వేసిన సెర్బియా యువకుడు గోయ్‌కో మితిచ్‌ను కమ్యూనిస్టు తూర్పు జర్మనీ తీసుకుపోయి, 1966 నుంచి తన సొంత ఇండియన్ సినిమాలకు హీరోను చేసింది. ఇంకో వైపు, యూరప్‌లో తీసిన వెస్టర్న్ డబ్బు చేస్తుందని తేలాక అదే కాన్‌స్టాంటిన్ కంపెనీ 1964లో సెర్జియో లియోనె మొదటి వెస్టర్న్‌లో భాగస్వామిగా చేరింది. ఆ ఇటాలియన్ సినిమాల గాలి మన మద్రాసు దాకా వచ్చింది. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో కృష్ణ హీరోగా రాజస్థాన్ ఇసుకలో తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' ఆ గాలి ఫలితమే. మన కౌబాయ్ టోపీ దారం పట్టుకుని వెనక్కి వెళితే మధ్యలో లియోనె కనిపిస్తాడు, ఇంకాస్త వెనక్కి వెళితే ప్లిట్విట్సె సరస్సు కనిపిస్తుంది.

తర్వాత

1966 చివర్లో, 1967 మొదట్లో రెండు భాగాలుగా జీగ్‌ఫ్రీడ్ కథ 'నీబెలుంగెన్' వచ్చింది. ఇదే కథను వియన్నాలో పుట్టిన దర్శకుడు ఫ్రిట్స్ లాంగ్ 1924లో మూకీగా తీశాడు, అదంతా స్టూడియోలో కట్టిన అడవి. రైన్ల్ మళ్లీ బయటికే వెళ్లాడు: ఐస్‌లాండ్ లావా నేలలు, యుగోస్లావియా కోటలు. జీగ్‌ఫ్రీడ్‌గా ఒలింపిక్స్‌లో హ్యామర్ త్రోలో కాంస్యం గెలిచిన ఊవె బేయర్‌ను తీసుకున్నాడు. బేయర్‌కు నటన రాదు, ఆ లోటు సినిమా అంతటా తెలుస్తుంది. కానీ పొగలు కక్కే నల్లటి నేల మీద కారిన్ డోర్ రాణి బ్రున్‌హిల్డ్‌గా నిలబడినప్పుడు ఆ సినిమా ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ తర్వాత వరసలు త్వరత్వరగా మారాయి. జెర్రీ కాటన్ అనే ఎఫ్‌బీఐ ఏజెంట్ సినిమాలు, బడి మాస్టార్లను ఏడిపించే పిల్లల కామెడీలు, 1971లో పాకిస్తాన్‌తో కలిసి అక్కడే తీసిన 'కమిషనర్ ఎక్స్' గూఢచారి సినిమా. ఇవి ఆయన చేతివాటం తప్ప ఇంకేమీ చెప్పవు. 1970ల్లో మళ్లీ మొదటికొచ్చి, బవేరియా కొండల వేటగాళ్ల కథలు కొత్త రంగుల్లో తీశాడు.

మధ్యలో ఒకటి మాత్రం ప్రపంచమంతా తిరిగింది. స్విట్జర్లాండ్ రచయిత ఎరిక్ ఫాన్ డానికెన్ 1968లో రాసిన పుస్తకం ఆధారంగా రైన్ల్ 1970లో డాక్యుమెంటరీ తీశాడు. పిరమిడ్లు, మాయన్ల రాతి చెక్కడాలు, పెరూ ఎడారిలో గీసిన నాజ్కా గీతలు, ఇవన్నీ వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్ల గుర్తులే అన్నది వాదన. డానికెన్ తన పుస్తకంలో మహాభారతాన్ని కూడా సాక్ష్యంగా లాగాడు. పురాతత్వ శాస్త్రవేత్తలు ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేశారు, వాళ్లదే సరైన మాట. ఇక్కడ కూడా పనిచేసింది రైన్ల్ పాత అలవాటే. నేలను పైనుంచి, దూరం నుంచి, మనిషిని చీమంత చేసి చూపిస్తే ఆ కట్టడాలు మనుషుల పనిలా కనిపించవు. కొండల్లో నేర్చుకున్న అదే చూపు విన్నెటూకు గౌరవాన్ని ఇచ్చింది. పిరమిడ్ కట్టిన కూలీల నుంచి ఆ గౌరవాన్ని లాగేసుకుంది కూడా అదే. ఆ చిత్రం ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ నామినేషన్ పొందింది. 1973 జనవరిలో అమెరికా టీవీ దాన్ని కుదించి, రాడ్ సెర్లింగ్ వ్యాఖ్యానంతో ప్రసారం చేసింది. ఆ ప్రసారం నుంచి పుట్టిన మిస్టరీ కార్యక్రమాల వంశం ఇవాళ్టికీ టీవీలోనూ యూట్యూబ్‌లోనూ బతికే ఉంది. జీవితమంతా టీవీతో పోటీపడి వెడల్పు తెర కోసం తీసిన మనిషి, తెలియకుండానే టీవీకి ఒక పెద్ద వరసను ఇచ్చి వెళ్లాడు.

1986 అక్టోబర్ 9న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో, తన ఇంట్లో, భార్య చేతిలో కత్తిపోట్లకు రైన్ల్ చనిపోయాడు. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు.

సెలవుల మధ్యాహ్నాల్లో జర్మన్ టీవీ ఆ విన్నెటూ సినిమాలను మళ్లీ మళ్లీ వేస్తూనే వచ్చింది. 2016 క్రిస్మస్‌కు ఆర్‌టీఎల్ చానెల్ ఆ కథను మూడు భాగాల కొత్త టీవీ సినిమాగా తీయించింది. దర్శకుడు ఫిలిప్ ష్ట్యోల్ట్స్‌కు ఈసారి కంప్యూటర్ గ్రాఫిక్స్ ఉన్నాయి, అమెరికా వెళ్లే దారీ ఉంది. అయినా యూనిట్ క్రొయేషియాకే వెళ్లింది, అవే కొండల మధ్యకు. బ్యొట్షర్ బాణీ కూడా తిరిగొచ్చింది. సాంటర్ తండ్రిగా కాసేపు కనిపించడానికి ముసలి మారియో అడార్ఫ్ వచ్చాడు.